గాలిమరలు పెట్టి కరెంటు అమ్ముదామనుకుంటున్న సంతబొమ్మాళి తమ్ముడికి

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం నుంచి ఒక తమ్ముడు అడిగాడు. సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఆరెకరాలుందట. తిత్లీ తుఫానులో జీడిమామిడి, కొబ్బరి పడిపోయాక సగం భూమి బీడుగానే ఉంది. పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం దాకా ఒకటే గాలి. ఒక డీలర్ వచ్చి, 5 కిలోవాట్ల గాలిమరలు నాలుగు పెడితే ఒక్కొక్కటి రోజుకు 40 యూనిట్లు ఇస్తుందన్నాడు. కరెంటు డిపార్ట్‌మెంటు యూనిట్ ఆరు రూపాయలకు కొంటుంది, పాతిక లక్షల అప్పు ఏడేళ్లలో తీరిపోతుంది, ఆ తర్వాత వచ్చేదంతా నీదే అన్నాడు. భూమి తాకట్టు పెట్టి లోన్ తీసుకోవచ్చా అన్నది ప్రశ్న.

తమ్ముడూ, ఆ లోన్ తీసుకోవద్దు. ఎందుకు వద్దంటున్నానో లెక్కతో సహా చెప్తాను, నచ్చకపోతే ఆ లెక్కను నువ్వే సరిచూసుకో.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి అనంతపురం జిల్లాలో పెద్ద గాలిమరల మెయింటెనెన్స్‌లో తొమ్మిదేళ్లు పనిచేశాను. తర్వాత విజయనగరం జిల్లా పూసపాటిరేగ దగ్గర మా ఊరొచ్చి, 2012లో నా సొంత డబ్బుతో పొలంలో 5 కిలోవాట్ల గాలిమర పెట్టుకున్నాను. ఇంటికి, కోళ్ల షెడ్డుకి అదే కరెంటు. నీకు డీలర్ చెప్పిన మాటలే నాకూ అప్పట్లో ఇంకో డీలర్ చెప్పాడు. గాలి పని తెలిసిన నేనే సొంత ఊరి మీద మమకారంతో నమ్మాను. కాబట్టి నిన్ను తప్పు పట్టడం లేదు.

ముందు ఆ 40 యూనిట్ల సంగతి. 5 కిలోవాట్లని ఎనిమిది గంటలతో గుణిస్తే 40 వస్తుంది, డీలర్ చేసింది ఆ ఒక్క గుణకారమే. కానీ ఆ మర మీద రాసిన 5 కిలోవాట్లు, గాలి సెకనుకు 11, 12 మీటర్ల వేగంతో వీచినప్పుడు వచ్చేవి. అంటే గంటకు 40 కిలోమీటర్ల పైమాట. అలాంటి గాలిలో కొబ్బరి మట్టలన్నీ ఒకే వైపుకి దువ్వినట్టు వాలిపోతాయి, గొడుగు నిలవదు. అది రోజుకు ఎనిమిది గంటలు, ఏడాది పొడుగునా వీస్తుందా మీ ఊళ్లో? నువ్వే గుర్తు చేసుకో.

గాలిలో ఉండే శక్తి వేగంతో పాటు మామూలుగా పెరగదు. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది, సగమైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఈ వ్యాపారంలో లాభనష్టాలన్నీ ఇక్కడే తేలతాయి. ఐదు మీటర్ల వ్యాసం ఉన్న రెక్కల చక్రం తీసుకుందాం, 5 కిలోవాట్ల మరకు దాదాపు అంతే ఉంటుంది. సెకనుకు 4 మీటర్ల గాలి, అంటే ఒంటికి హాయిగా తగిలే గాలి వీస్తే, ఆ మర నుంచి వచ్చేది సుమారు 220 వాట్లు. మూడు సీలింగ్ ఫ్యాన్లు తిరుగుతాయి. అదే 8 మీటర్లయితే 1,750 వాట్లు దాకా వస్తుంది. ఇంత రోజూ తగులుతోంది కదా అని మనకు అనిపించే గాలి, మర దృష్టిలో చాలా చిన్న గాలి. ఎంత గొప్ప మర అయినా గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి తీసుకోలేదు. జర్మనీకి చెందిన బెట్జ్ అనే ఆయన వందేళ్ల కిందటే లెక్కకట్టి చెప్పిన హద్దు అది. చిన్న మరలు అందులో సగం తీస్తే గొప్ప.

నా మరకు మీటరు ఉంది, నోటుబుక్కులో రోజూ రాసుకున్నాను. ఏడాదంతా కలిపి చూస్తే రోజుకు సగటున 9 యూనిట్లు. జూన్, జులైలో 16, 17 దాకా వెళ్లేది. నవంబరులో మూడు వస్తే సంతోషించేవాడిని. ఏడాదికి 3,300 యూనిట్లు అనుకో. యూనిట్ ఆరు రూపాయలే ఇచ్చారనుకున్నా 20 వేలు కూడా రావు. మూడున్నర ఇస్తే పదకొండు వేల చిల్లర. నాలుగు మరలకు 45 వేల నుంచి 80 వేల మధ్య. పాతిక లక్షలకు బ్యాంకు వడ్డీయే ఏడాదికి రెండు లక్షలు దాటుతుంది. అప్పు అసలు సంగతి పక్కన పెట్టు, వడ్డీలో సగం కూడా రాదు.

మీ ఊరి గాలి మా ఊరి గాలి కంటే మెరుగ్గా ఉండొచ్చు. అది కొలిస్తే తెలుస్తుంది. చెన్నైలో జాతీయ పవన శక్తి సంస్థ ఉంది, దేశం మొత్తానికి గాలి పటం తయారుచేసి అందరికీ అందుబాటులో పెట్టింది. 120 మీటర్ల ఎత్తులో మన రాష్ట్రానికి దాదాపు 75 వేల మెగావాట్ల అవకాశం ఉందని ఆ సంస్థ లెక్క. డీలర్లు చూపించే రంగుల పటం ఎక్కువగా ఇదే. పటం అబద్ధం కాదు. కానీ అది 120 మీటర్ల ఎత్తున వీచే గాలి, నీకు అమ్మేది 18 మీటర్ల స్తంభం. పైకి వెళ్లేకొద్దీ గాలి పెరుగుతుంది, కిందకి దిగేకొద్దీ చెట్లు, ఇళ్లు, గట్లు దాన్ని తినేస్తాయి. పైగా రాష్ట్రంలో పెద్ద గాలిమరలు అనంతపురం, కర్నూలు, కడప వైపు గుట్టల మీదే ఎందుకున్నాయో ఆలోచించు. నైరుతి గాలి కనుమల సందుల్లోంచి దూసుకొచ్చి ఆ గుట్టలెక్కుతుంది. అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా రాత్రీ పగలూ మరలు ఆగవు. మన తీరంలో గాలి ఎక్కువగా పగలు సముద్రం నుంచి వస్తుంది, పొద్దుగూకాక పడిపోతుంది.

చెట్ల విషయం నాకు బాగా దెబ్బతగిలి నేర్చుకున్నది. నేను మర పెట్టినప్పుడు పక్క పొలం ఉలవ చేను. రెండేళ్లకి ఆయన సరుగుడు వేశాడు. మా వైపు అందరూ వేసేదే, తప్పు పట్టడానికి లేదు. మొదటి ఏడాది నడుం ఎత్తు, నాకేమీ తెలియలేదు. నాలుగో ఏడు వచ్చేసరికి తోట పన్నెండు మీటర్లు లేచింది. నా స్తంభం 18 మీటర్లు, ఇంకా ఆరు మీటర్లు పైనే ఉంది కదా అనుకున్నాను. నోటుబుక్కు తిరగేస్తే జూన్ నెల సరాసరి 16 నుంచి 8కి పడిపోయింది. తోట మీదుగా వచ్చే గాలి సుళ్లు తిరిగి వస్తుంది. మర ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతూ తోక కొట్టుకునేది, బేరింగు గరగరమని రాత్రి ఇంట్లోకి వినిపించేది. సరుగుడు కొట్టి పేపరు మిల్లుకి వేసిన వారానికే యూనిట్లు మళ్లీ పెరిగాయి. చుట్టూ 150 మీటర్ల లోపల ఉన్న అన్నిటికన్నా ఎత్తైన చెట్టు మీద, ఇంకో పది మీటర్లు పైన రెక్కలుండాలి. మీ చుట్టుపక్కల కొబ్బరి ఎంత ఎత్తుందో చూసుకుని స్తంభం ఎత్తు లెక్కేసుకో. అంత స్తంభానికయ్యే ఖర్చు డీలర్ కాగితంలో ఉండదు.

ఇక అమ్మకం సంగతి. నువ్వు అడిగినదాంట్లో అసలు ముడి ఇక్కడుంది.

కరెంటు తయారు చేయడానికి లైసెన్సు అక్కర్లేదు, 2003 విద్యుత్ చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది. కానీ తయారైన కరెంటు వైరు ద్వారా వెళ్లి ఎవరో ఒకరు కొనాలి. మన రెండు జిల్లాల్లో ఆ వైరు తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థది, ఆఫీసు విశాఖలో. వాళ్లు నీ దగ్గర కొనాలంటే ఒప్పందం ఉండాలి, ఆ ధరను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఒప్పుకోవాలి. నీ మరకు, లైనుకి ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ అనుమతి కావాలి. ఇంటి మీద సోలార్ పెట్టి మిగిలింది లైనులోకి పంపే నెట్ మీటరు వేరు, కరెంటు అమ్ముకుని బతకడం వేరు. మొదటిదాంట్లో నీ బిల్లు తగ్గుతుంది, అంతే. డీలర్ ఈ రెండింటినీ ఒకటి చేసి చెప్పాడు. "యూనిట్ ఆరు రూపాయలకు కొంటారు" అన్న మాట ఏ ఉత్తర్వులో ఉందో కాగితం చూపించమను. ఉత్తర్వు తేదీ, అది ఏ సైజు ప్రాజెక్టుకి, ఎప్పటిదాకా అన్నది చదువు. అక్కడే మాట తడబడుతుంది.

ధరల చరిత్ర కొంచెం తెలుసుకో, ఎందుకంటే నువ్వు పాతికేళ్లకు సంతకం పెడతావు. మన రాష్ట్రంలో పవన విద్యుత్‌కి 2012లో యూనిట్‌కి 4 రూపాయల 70 పైసలు ఇచ్చారు. తర్వాత 4.84 దాకా వెళ్లింది. 2017 ఫిబ్రవరిలో దేశంలో మొదటిసారి పవన విద్యుత్‌కి వేలం పెట్టారు, 3.46కి దిగింది. అదే ఏడాది డిసెంబరులో గుజరాత్ వేలంలో 2.43. ధర ఇలా పడిపోతుంటే పాత ఒప్పందాల ప్రకారం ఎక్కువ ఎందుకివ్వాలన్న ప్రశ్న వచ్చింది. 2019 జులైలో మన రాష్ట్ర ప్రభుత్వం పాత ఒప్పందాల ధరలు తగ్గించడానికి కమిటీ వేసింది. వ్యవహారం హైకోర్టుకి వెళ్లింది, తేలేదాకా గాలి కరెంటుకి 2.43 చొప్పున ఇవ్వమన్నారు. ఒప్పందంలో ఉన్న ధరే ఇవ్వాలని 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది. తీర్పు మంచిదే. కానీ మధ్యలో రెండున్నరేళ్లు గడిచాయి. వందల కోట్ల కంపెనీలు లాయర్లను పెట్టుకుని నిలబడ్డాయి. భూమి తాకట్టు పెట్టిన రైతుకి ఆరు నెలలు డబ్బు ఆగితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. నేను అనంతపురంలో ఉండగా బిల్లు నెలల తరబడి రాక చిన్న యజమానులు మా జీతాలు వాయిదా వేసిన రోజులు చూశాను.

ఇంకో విషయం, దీన్ని ఎవరూ చెప్పరు. నీ పొలం దగ్గరున్న లైను వ్యవసాయ ఫీడర్ అయితే, అంటే బోర్ల కోసం వేరుగా వేసిన లైను అయితే, దానికి కరెంటు ఇచ్చేది రోజుకు తొమ్మిది గంటలు. లైనులో కరెంటు లేనప్పుడు, నీ మర కరెంటుని లైనులోకి పంపే ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోవాలి, అది తప్పనిసరి. లేకపోతే లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ నీ కరెంటు తగిలి పోతాడు. అంటే మిగతా 15 గంటలు గాలి వీచినా నువ్వు ఒక్క యూనిట్ కూడా పంపలేవు. ఊరి ఫీడర్‌కి కలపాలంటే స్తంభాలు, వైరు, అవసరమైతే ట్రాన్స్‌ఫార్మర్ నీ ఖర్చు. ముందు మీ లైన్‌మన్‌ని పిలిచి టీ తాగిస్తూ అడుగు, ఏ ఫీడరు, సబ్‌స్టేషన్ ఎంత దూరం, వేసవిలో రోజుకు ఎన్నిసార్లు పోతుంది అని. పావుగంటలో తేలిపోయే ఈ విషయం అడక్కుండా లక్షలు పెట్టినవాళ్లున్నారు.

ఇప్పుడు తుఫాను. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు. నువ్వు కళ్లారా చూశావు. మా వైపు హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, విశాఖ దగ్గర 170, 180. విశాఖ తీరంలో కట్టే ఏ నిర్మాణానికైనా సెకనుకు 50 మీటర్ల గాలి లెక్కలోకి తీసుకోవాలని మన ప్రమాణాలు చెప్తాయి, అంటే గంటకు 180 కిలోమీటర్లు. చిన్న మరలకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, దాంట్లో అన్నిటికన్నా గట్టి గాలికి చేసింది మొదటి తరగతి మర. చవగ్గా వచ్చేవి ఎక్కువగా మూడో తరగతి, అంతకన్నా తక్కువ గాలికి చేసినవి. డీలర్‌ని మర తరగతి ఎంత అని అడుగు.

హుద్‌హుద్ ముందురోజు సాయంత్రం నా మరను ఎలా దించానో చెప్తాను, ఎందుకంటే నీది దించడానికి వీలున్న స్తంభమా కాదా అన్నది ప్రాణం మీది ప్రశ్న. నా స్తంభం అడుగున మడత బందు ఉంది, నాలుగు వైపులా దాన్ని లాగి పట్టే స్టే వైర్లు. ట్రాక్టరుకి ఉక్కు తాడు కట్టి, ఒకవైపు స్టేలు వదిలి, తాడు మెల్లగా ఇస్తూ స్తంభాన్ని నేలకి వాల్చాలి. నలుగురం మొదలుపెట్టాం. మూడు వైర్ల బిగింపు స్క్రూలు నూనె పెట్టగానే తిరిగాయి. సముద్రం వైపున్నది ఉప్పు గాలికి తుప్పుపట్టి ముద్దైపోయింది. కిరోసిన్ పోశాం, సుత్తితో కొట్టాం, కదల్లేదు. గాలి పెరుగుతోంది, రెక్కలకు బ్రేకు వేసినా స్తంభం మూలుగుతోంది. చివరికి గ్రైండర్ తెచ్చి వైరే కోశాం. కోసిన క్షణంలో స్తంభం ఒక అడుగు పక్కకి ఊగింది. ట్రాక్టరు మీదున్న మా తమ్ముడు క్లచ్ వదలకుండా పట్టుకోబట్టి బతికిపోయాం. స్తంభం నేలకి ఆనేసరికి చీకటి పడింది. పొద్దున్న లేచి చూస్తే ఊళ్లో కరెంటు స్తంభాలన్నీ పడున్నాయి, నా మర చెక్కుచెదరలేదు. అప్పటి నుంచి ఆరు నెలలకోసారి ప్రతి బిగింపు స్క్రూకీ గ్రీజు పెట్టి, గుడ్డ చుట్టి కడతాను. నాలుగు మరలైతే నాలుగింటికీ, ప్రతి అక్టోబరుకీ ఈ పని ఉంటుంది. లోన్ కాగితంలో దీనికి గడి లేదు.

మరి రైతులెవరూ గాలితో సంపాదించలేదా అంటే, సంపాదించారు. డెన్మార్క్‌లో రైతులు, ఊరివాళ్లు కలిసి సంఘాలుగా ఏర్పడి మరలు పెట్టారు. మనకి దగ్గర ఉదాహరణ తమిళనాడులో ఉంది. కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయం దగ్గర ఓడంతురై అనే పంచాయతీ 2006లో 1.55 కోట్లు పెట్టి 350 కిలోవాట్ల గాలిమర కొంది. బ్యాంకు లోన్ తీసుకుంది, ఊరి అవసరాలు పోగా మిగిలింది తమిళనాడు విద్యుత్ బోర్డుకి అమ్మింది, అప్పు తీర్చింది. ఏడాదికి ఆరు లక్షల యూనిట్ల పైనే వచ్చాయి. ఆ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క ఏంటంటే, ఆ మర వాళ్ల ఊళ్లో లేదు. పాలక్కాడు కనుమ గాలి వచ్చే ఉడుమలైపేట వైపు, ఎక్కడ గాలి ఉందో అక్కడ పెట్టారు. మర సైజు కూడా చూడు, 350 కిలోవాట్లు. అంత పెద్ద చక్రం, అంత ఎత్తు, అంత గాలి ఉంటేనే యూనిట్ ఖర్చు దిగొచ్చింది. మనం మన పొలం గట్టున నిలబడి గాలి కోసం చూస్తున్నాం, అక్కడే తేడా వస్తోంది.

నీ ఆరెకరాలే నావైతే ఏం చేస్తానో చెప్తాను.

కరెంటు అమ్మడమే నీ కోరికైతే బీడు మూడెకరాల మీద సోలార్ గురించి ఆలోచిస్తాను. పీఎం కుసుమ్ పథకంలో మొదటి భాగం రైతుల బీడు భూముల కోసమే పెట్టారు. 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా, సబ్‌స్టేషన్‌కి ఐదు కిలోమీటర్ల లోపు భూమి ఉండాలి, డిస్కం, అంటే విద్యుత్ పంపిణీ సంస్థ, నియంత్రణ మండలి ఒప్పుకున్న ధరకి 25 ఏళ్లు కొంటుంది. రైతు ఒక్కడే పెట్టొచ్చు, పది మంది కలిసి పెట్టొచ్చు, పంచాయతీ కూడా పెట్టొచ్చు. నిబంధనల్లో సోలార్ ఒక్కటే కాదు, ఇతర పునరుత్పాదక ప్లాంట్లకూ చోటుంది. మెగావాట్‌కి నాలుగైదు ఎకరాలు పడుతుంది, ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు వస్తాయి. పెట్టుబడి కోట్లలో ఉంటుంది, అందుకే సొంతంగా పెట్టలేని రైతు భూమిని లీజుకిచ్చి అద్దె తీసుకునే వీలు కూడా ఆ పథకంలోనే పెట్టారు. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారా, మీ సబ్‌స్టేషన్‌లో చోటుందా అన్నది శ్రీకాకుళంలో నెడ్‌క్యాప్ (రాష్ట్ర ప్రభుత్వ పునరుత్పాదక ఇంధన సంస్థ, ఇప్పుడు ఎన్‌ఆర్‌ఈడీక్యాప్ అంటున్నారు) జిల్లా ఆఫీసుకి స్వయంగా వెళ్లి రాతపూర్వకంగా అడుగు. మధ్యవర్తికి రూపాయి ఇవ్వొద్దు.

నీ ఇంటి బిల్లు నెలకి 225 యూనిట్లు దాటుతుంటే, ఆ పైన యూనిట్‌కి 8 రూపాయల 75 పైసలు పడుతుంది. ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్‌కి కేంద్రం 78 వేలు సబ్సిడీ ఇస్తోంది. డిపార్ట్‌మెంటుకి మూడు రూపాయలకి అమ్మే యూనిట్ కంటే, నువ్వు ఎనిమిది పెట్టి కొనకుండా మిగుల్చుకునే యూనిట్ విలువెక్కువ. బోరుకి ఎలాగూ ఉచిత కరెంటే కాబట్టి అక్కడ గాలిమరతో ఆదా అయ్యేదేమీ లేదు.

ఇవన్నీ విన్నాక కూడా గాలి మీద నుంచి మనసు మళ్లకపోతే, అది నాకు అర్థమవుతుంది, నాదీ అదే పిచ్చి. అప్పుడు ఒక్క పని చెయ్యి. ఇరవై మీటర్ల పైపు స్తంభం పాతి, పైన గాలి కొలిచే గిన్నెల మీటరు, కింద ఆ కొలతలు రాసుకునే లాగర్ పెట్టి పన్నెండు నెలలు వదిలెయ్యి. వేసవి నాలుగు నెలలు కొలిచి ఆపొద్దు, నవంబరు, డిసెంబరు కూడా కావాలి. ఏడాది సరాసరి సెకనుకు 5 మీటర్ల లోపు వస్తే అమ్మకం మాట మర్చిపో. 6 దాటితే నేనే వచ్చి నీతో కూర్చుంటాను, పది మంది రైతులు కలిసి పెద్ద మర పెట్టే లెక్క వేద్దాం. డీలర్ తొందరపెడితే, ఆఫర్ ఈ నెలాఖరుకే అంటే, పోనివ్వు.

నా దగ్గర పాత గిన్నెల మీటరు, లాగర్ ఖాళీగానే ఉన్నాయి. ఫిబ్రవరి లోపల వచ్చి పట్టుకెళ్లు, స్తంభం పాతే రోజున నేను కూడా వస్తాను. పైపులు మాత్రం నువ్వు చూసుకో, గాల్వనైజ్ చేసినవే తీసుకో.